మొగలిలంక తల్లిబాన

రోహిణి కార్తె, మంగళవారం

వారం వారం ఇలా నోటితో చెప్పి పంపాలన్నది డబ్బులిచ్చే నిధి వాళ్ళ షరతు. లంక సంఘాలకి నేనేం తోడ్పాటు చేశానో, వాళ్ళేమన్నారో చెబితే పలక తనే రాసుకుని పైకి పంపుతుంది. ఇన్నాళ్ళూ "సభ్యులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని చెప్పి చేతులు దులుపుకున్నాను. ఇవాళ్టితో పైన వినేవాళ్ళు లేరు. కాబట్టి ఇక జరిగింది జరిగినట్టే చెబుతాను.

కబురు వచ్చినప్పుడు మొగలిలంకలో ఉన్నాను. సంఘం ఆడవాళ్ళంతా తొట్టి చుట్టూ చేరి మీగడ మందం చూస్తున్నారు. అధ్యక్షురాలు నాంచారమ్మ పిన్ని పొడుగు గరిటెతో అంచు పైకెత్తి, వేలితో నొక్కి, "ఇంకో నెల తింటదిలే ఉప్పు" అని తేల్చింది. అప్పుడే నా పలక మోగింది. సమాఖ్య పర్యావరణ నిధి ఈ నెలాఖరుతో ఆగిపోతోందట. ప్రాధాన్యాలు మారాయట. మేత రాదు, మందులు రావు, నా జీతం కూడా రాదు. ఇంతకాలం సహకరించినందుకు ధన్యవాదాలు కూడా చెప్పారు.

చదివి వినిపించాను. అందరి కళ్ళూ తొట్టి మీదికే వెళ్ళాయి.

"పోనీలే, మన మీగడ మన దగ్గరే ఉంది కదా" అంది పిన్ని.

ఉంది, కానీ ఎన్నాళ్ళు? సముద్రం కొల్లేట్లోకి వచ్చేశాక ఇక్కడ తాగే నీళ్ళంటే ఈ మీగడే. కాగితాల మీద దాని పేరు చాలా పొడుగు, లంకల్లో ఎవరికీ నోరు తిరగదు. తొట్టి మీద మందంగా కట్టి ఉప్పు తింటుంది, ఒడ్డు ఫ్యాక్టరీల విషం తింటుంది, కిందికి తియ్యటి నీళ్ళు వదులుతుంది. కొన్నాళ్ళకి ముదిరి తినడం మానేస్తుంది. అప్పుడు దాన్ని పారేసి, తల్లిబాన నుంచి తోడు తెచ్చి కొత్తగా వెయ్యాలి. తొట్టిలో ఒకసారి ఉప్పు తిన్నదానితో మళ్ళీ తోడు పడదు. ఆ తల్లిబాన ఈ చుట్టుపక్కలకి ఒక్కటే. నిధి వాళ్ళు ఇచ్చిన స్టీలు బాన, మొగలిలంకలో పిన్ని ఇంటి పంచలో ఉంటుంది. ఆ సంగతి ఆవిడ ఎవరినీ మర్చిపోనివ్వదు.

ఒకప్పుడు నా కింద ఎనిమిది లంకలుండేవి. ఒక్కొక్కటే ఖాళీ అవుతూ ఇప్పుడు మొగలిలంక, జమ్ములంక మిగిలాయి. మనుషులు లేని లంకకి కరకట్ట పంపు ఆపేస్తారు. పంపు ఆగితే నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ తర్వాత తిరిగి రావడానికి ఊరంటూ ఉండదు. ఇది అందరికీ తెలుసు.

మృగశిర కార్తె, శుక్రవారం

మేత అయిపోయింది. మీగడకి పెట్టే మేత పొడి సంచుల్లో వచ్చేది. ఆఖరి సంచిని దులిపి, తిరగేసి, నీళ్ళు పోసి కడిగి ఆ నీళ్ళు కూడా పోశాం.

ఇక ఆడవాళ్ళు తమకి తోచిందల్లా మొదలుపెట్టారు. చేపలు కడిగిన నీళ్ళు పోస్తే తొట్టి కంపు కొట్టి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. బెల్లం నీళ్ళకి పొర ఉబ్బి, బుడగలొచ్చి, పగిలింది. జమ్ములంక నుంచి రత్నమాణిక్యం వచ్చి గంజిలో తవుడు కలిపి పోయమంది. రత్నమాణిక్యం ఆ లంక సంఘానికి అధ్యక్షురాలు, నాంచారమ్మ పిన్నికి స్వయానా తమ్ముడి పెళ్ళాం. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ పడదు, ఒకరు లేకపోతే ఒకరికి పొద్దు గడవదు.

"గేదెకి పెట్టే కుడితి దేవతకి పెడతావటే?" అంది పిన్ని.

"దేవత ఆకలి మీదుంది వదినా. ముందు పెట్టి సూడండి, తర్వాత తిడుదురు గాని."

పెట్టారు. రెండు పూటలు గడిచేసరికి పొర నునుపు తేలింది. నీళ్ళు రుచి చూస్తే నాలిక మీద ఉప్పు లేదు. పిన్ని ఆ మాట ఒప్పుకోకుండా "బియ్యం మంచియి" అని ఊరుకుంది. నాకు నవ్వొచ్చింది. ఈ నెలలో నవ్వడం ఇదే మొదలు. మేత మనమే చేసుకోగలిగితే, తల్లిబాన ఉన్నంతకాలం నిధి లేకపోయినా బతకొచ్చు. అది నిజమని నమ్మి, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఆరుద్ర కార్తె, బుధవారం

జీతం లేకపోయినా పని మానలేదు. మానితే ఏం చెయ్యాలో తెలియక అనుకోండి. గట్టు మీద నా గదిలో కూర్చుని ఎవరు సాయం చేస్తారా అని తెలిసిన తలుపులన్నీ తట్టాను. ఒక ధర్మసంస్థ మాకు లంకలు వద్దు కొండలే కావాలంది. ఇంకొకళ్ళు ఫోటోలు అడిగి, పంపాక పలకడం మానేశారు. ఒక్క సంస్థ మాత్రం వెంటనే స్పందించింది. "నిధులు లేని రోజుల్లో నిబ్బరం" అని సంఘాలకి శిక్షణ ఇస్తారట. టీ కూడా వాళ్ళదేనట.

రత్నమాణిక్యానికి చెబితే, "నిబ్బరం తాగితే దాహం తీరుద్దాండీ మేడంగారూ?" అంది. ఆ మాటే వాళ్ళకి పంపుదామనుకున్నాను. చివరికి "ప్రస్తుతం వీలుపడదు" అని పంపాను. నాకు సర్కారు భాష అలవాటైపోయింది, ఎంత కోపంలోనూ మర్యాద ఊడి రాదు.

మధ్యాహ్నం నిధి వాళ్ళ డిపో నుంచి మురళీధర్ మాట్లాడాడు. సామాన్లు పంచే ఆఫీసరు, మెత్తని మనిషి.

"మేడమ్, పథకం సామాన్లన్నీ వెనక్కి తీసుకోమన్నారు. మీ వైపు తల్లిబాన ఉంది. పునర్వసులో మా పడవ వస్తుంది."

"అందులో ఉన్నది?"

"డిపోలో మరిగించి చంపేస్తాం. అది పథకం ఆస్తి కదా మేడమ్, బయట ఉండకూడదు."

"ఇవ్వమంటే?"

"ఎగవేతదారుల్లో రాస్తారు. అలా రాసిన లంకలకి పంపు కరెంటు ఉండదు. నాకు తెలిసి చెబుతున్నాను, అంతదూరం తెచ్చుకోకండి."

ఆయన్ని తిట్టాను. ఆయన విన్నాడు. ఫోను పెట్టేశాక ఆ తిట్లు ఆయనకి తగవని అనిపించింది, కానీ తిరిగి చేసి చెప్పలేదు.

సాయంత్రం రెండు సంఘాలనీ మొగలిలంకలో కూర్చోబెట్టాను. మా పద్ధతి ప్రకారం ఏదైనా అందరూ చేతులెత్తాకే. తీర్మానం ఇది: స్టీలు బాన ఇచ్చేద్దాం. ఇచ్చేముందు తోడు తీసి కొత్త మట్టిబానల్లో వేసుకుందాం, లంకకొకటి. బాన వాళ్ళది, తోడు మనది. దొంగతనమేగా అని ఒకరంటే, "కన్నది మనింట్లో, పెంచింది మనం" అంది నాంచారమ్మ పిన్ని. చేతులన్నీ లేచాయి. పుట్టిన దగ్గర్నుంచి చర్చిలో బుద్ధిగా కూర్చున్నదాన్ని, ఈ రాత్రి దొంగతనానికి ప్రార్థన చేసి పడుకుంటున్నాను.

పునర్వసు కార్తె, సోమవారం

పడవ రావడం ఇవాళే. నేను లంకలో ఉండాల్సింది. కానీ కరెంటు ఆఫీసు వాళ్ళు పొద్దున్నే రమ్మన్నారు. బాన ఇచ్చేస్తే పంపుల జోలికి రామని వాళ్ళ నోట అనిపించుకోవాలని వెళ్ళాను. బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా ఆగమని, ఆఖరికి ఆ మాట అన్నారు. అన్నందుకు వాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చాను.

వస్తూ దారిలో నాంచారమ్మ పిన్నితో మాట్లాడాను. నిన్ననే రెండు కొత్త బానల్లో తోడు వేశామని, ఇవాళ స్టీలు బాన ఇచ్చేశామని చెప్పింది.

"సీలు కూడా మా ఎదురుగానే ఏశాడమ్మా ఆ అబ్బాయి. మనకేం దిగులు లేదు. రేపు రా, అరిసెలు సేత్తన్నాం."

ఆవిడ గొంతులో అంత హుషారు ఈ మధ్య వినలేదు. నేను కూడా సంతోషించాను.

పునర్వసు కార్తె, మంగళవారం

పొద్దున ఏడుకొండలు పడవలో మొగలిలంక వెళ్ళాను. ఏడుకొండలు నన్ను లంకలకి తిప్పే పడవ మనిషి. నిధి ఆగినా నన్ను దింపడం మానలేదు, ఎందుకని అడిగితే "దారేగా అండీ" అంటాడు. అది ఏ దారీ కాదు.

పిన్ని పంచలో రెండు మట్టిబానలు వరసగా ఉన్నాయి. మెడలకి పసుపుతాళ్ళు, బొట్లు, పక్కన దీపం. చూడ్డానికి బాగుంది. మూత తీసి లోపలికి చూశాను. లోపల గోడలు కూడా పసుపే. నీళ్ళ మీద వేపమండ తేలుతోంది. దాని చుట్టూ మీగడ ముక్కలు ముక్కలుగా విరిగి, గోధుమరంగు తిరిగి ఉంది.

"పిన్నీ, లోపలేం పోశారు?"

"పోయడమేంటి? కొత్త బాన కదా, పసుపునీళ్ళతో కడిగి, లోపల పసుపు పూసి, వేపమండ ఏసి అప్పుడు దించాం. అమ్మోరిని ఉత్త మట్టిలోకి ఎట్టా పిలుస్తాం?"

పసుపు, వేప. వంటింట్లో బూజు పట్టకుండా, పుండులో చీము పట్టకుండా వాడేవి అవే. కంటికి కనపడని ప్రాణిని చంపడానికి అంతకన్నా మంచి మందు మన దగ్గర లేదు. మీగడ కూడా కంటికి కనపడని ప్రాణుల గుంపే.

"ఇన్నాళ్ళూ ఎప్పుడైనా పెట్టారా పసుపు? పెట్టలేదుగా? మరి ఇప్పుడెందుకు పెట్టారు?" గొంతు చించుకుని అరిచాను. పెద్దావిడని అలా ఎప్పుడూ అనలేదు.

"అప్పుడది పరాయి సొమ్ము. ముట్టుకోవద్దన్నారు, ముట్టలేదు. గడపకి పెట్టుకుని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు మన ఇంటికి వచ్చింది కదా అని..." ఆవిడ మాట ఆగిపోయింది. బానలోకి ఒకసారి చూసి, నా మొహం చూసి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

జమ్ములంక బానతో వెళ్దామని వచ్చిన రత్నమాణిక్యం గుమ్మంలో నిలబడి ఉంది. వదినని ఒక మాట అనడానికి తనకి ఇంతకన్నా మంచి సందు జన్మలో దొరకదు.

"వేపమండ నేనే తెచ్చానండీ" అంది మెల్లగా.

నాకు వాళ్ళ మీద కోపం పోయి నా మీద వచ్చింది. మా ఇళ్ళల్లో కొత్త కుండకి పసుపు పెట్టరు, అందుకని నా బుర్రకి తట్టలేదు. వాళ్ళ ఇళ్ళల్లో పెట్టకుండా ఉండరు, అది నాకు ఇన్నేళ్ళుగా తెలుసు. శిక్షణ పాఠాలు ఎన్నో చెప్పాను, ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

"డిపో పడవ ఎక్కడుంటుంది ఇప్పుడు?" అని ఏడుకొండల్ని అడిగాను.

"ఖాళీ లంకల్లో సామాను ఏరుకుంటా పోతన్నారండీ. రెగ్యులేటరు దాటుండరు."

పడవలో దూకాను. ఒక్క గిన్నె కూడా వెంట తీసుకోలేదు. నా మంచినీళ్ళ సీసా మాత్రం సంచిలో ఉంది. ఏడుకొండలు మోటారుని అంత గట్టిగా తోలడం ఎప్పుడూ చూడలేదు. జమ్ము దుబ్బుల్లోంచి అడ్డంగా కొట్టి, రెగ్యులేటరు గేట్ల దగ్గర వాళ్ళని అందుకున్నాం.

డిపో పడవ నిండా తుప్పుపట్టిన తొట్లు, గొట్టాలు, వాటి మధ్య మా తల్లిబాన. మూత చుట్టూ సీలు. మురళీధర్ దాని పక్కనే గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. మూత తీసి ఒక్క గరిటెడు ఇవ్వమన్నాను. చేతులు పట్టుకున్నాను.

"మేడమ్, సీలు పోతే వాళ్ళు లంకనే అడుగుతారు, నన్ను కాదు. రేపట్నుంచి నాకూ ఉద్యోగం లేదు. నా మీద పడేదేమీ లేదు. పడేదంతా వాళ్ళ మీదే."

అది నిజం. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వయసొచ్చినదాన్ని, పరాయి పడవలో నిలబడి అందరి ముందూ ఏడ్చాను. ఏడుస్తూ బాన వైపే చూస్తున్నాను. ఎండకి, కుదుపుకి లోపల పొంగినట్టుంది. సీలు కింద మూత అంచు వెంబడి తెల్లగా, తడిగా కొంచెం బయటికి వచ్చి ఉంది.

మురళీధర్ కూడా అది చూశాడు. లేచి గొడుగు మడిచి పడవ రెండో చివరకి వెళ్ళి, మాకు వీపు పెట్టి నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

నా నూలు చీర కొంగు చింపి, సీసాలో నీళ్ళతో తడిపి, ఆ అంచు చుట్టూ తుడిచాను. పిల్లాడి మూతి తుడిచినంత నెమ్మదిగా. సీలు ఎక్కడా కదల్లేదు. వచ్చింది కొంచెమే. తోడు విడిగా ఒక రోజుకి మించి బతకదు. గుడ్డ ఎండకుండా చేతుల్లో గుప్పిట పట్టుకుని తిరిగి వచ్చాను.

పుష్యమి కార్తె, ఆదివారం

గుడ్డలోది ఒక చిన్న బానకే వచ్చింది. ఈసారి వేడినీళ్ళతో తప్ప దేనితోనూ కడగలేదు. బతికింది, కానీ బలహీనంగా ఉంది. పాల మీద తొలి పొరలా పలచగా, ఊదితే చిరుగుతుందన్నట్టు ఉంది. పెద్దదయ్యేదాకా ఎవరూ తోడు అడగడానికి వీల్లేదు. చాలా నెలలు పడుతుంది.

ఈలోపు మొగలిలంక తొట్టి ముదిరిపోయింది. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. జమ్ములంక నుంచి బిందెలతో నీళ్ళు మోస్తున్నారు, కానీ ఆ తొట్టి కూడా ముదురుతోంది. వానంటారా, అది కార్తెల మాట వినడం మానేసి చాలా కాలమైంది. వచ్చినా మసితో వస్తుంది.

తేల్చుకోవలసింది ఒకటే: ఆ చిన్న బానని ఏ లంకలో పెట్టాలి? అది ఎదిగేదాకా జమ్ములంక తొట్టి నీళ్ళు రెండు ఊళ్ళకి చాలవు, రెండూ బతకవు. ఒక లంకలో పెడితే ఆ లంక నిలబడుతుంది, రెండోదాని వాళ్ళు గట్టు మీద ముంపు జనానికి వేసిన శిబిరానికి వెళ్ళాలి. రెండు సంఘాలూ మళ్ళీ కూర్చున్నాయి. మొగలిలంక ఆడవాళ్ళు నేల చూస్తున్నారు, జమ్ములంక వాళ్ళు నన్ను చూస్తున్నారు. నా ఉద్యోగం పేరు తోడ్పాటు అధికారి. ఆ క్షణంలో నేను చెయ్యగల తోడ్పాటు ఏమిటో నాకు తెలియలేదు.

నాంచారమ్మ పిన్నే మొదలుపెట్టింది.

"మా లంక ఏటి మొగలో ఉంది. ఉప్పు ముందు మాకే తగులుద్ది. ఈ పసిదాన్ని అంత ఉప్పులో పెడితే సచ్చిపోద్ది. జమ్ములంక మెరక. అక్కడే పెట్టండి."

"వదినా, అంత తొందరేం లేదు, ఇంకో మాట అనుకుందాం" అంది రత్నమాణిక్యం.

"ఇంకో మాట ఏం ఉందే? నీకు తెలిస్తే సెప్పు."

మీ పొరపాటుకి శిక్షగా అలా అనకండి అని పిన్నికి చెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"శిక్ష కాదమ్మా ఎస్తేరూ. పొరపాటు నాదే, అది వేరే సంగతి. ఉప్పు ఉప్పే కదా."

రత్నమాణిక్యం ఏడుస్తూనే గట్టిగా ఒక మాట ఇచ్చింది. మీగడ కట్టి తోడు ఇచ్చేంత పెద్దదైన రోజు, మొదటి తోడు మొగలిలంకదే. తన చేత్తో తెచ్చి ఇస్తానంది. ఆ మాట తీర్మానంలో రాయించుకున్నారు. చేతులు లేచాయి.

ఆశ్లేష కార్తె, గురువారం

మొగలిలంక ఖాళీ అయింది.

పడవల్లో మంచాలు, కోళ్ళు, వలలు, దేవుడి పటాలు. పిన్ని అన్ని ఇళ్ళకీ తిరిగి పొయ్యిలు ఆరాయో లేదో చూసింది. ఎందుకని అడగలేదు. వెళ్ళేముందు కరకట్ట మీద పంపు దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేసి నిలబడింది. పంపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఖాళీ లంకలకి కొన్నాళ్ళు గడువు ఇస్తారు. ఆ గడువు పొడిగించమని రోజూ కరెంటు ఆఫీసు చుట్టూ తిరగడం నేను ఒప్పుకున్న పని.

"వచ్చేదాకా తిరగనియ్యమ్మా దాన్ని. ఎవరి కాళ్ళు పట్టుకుంటావో పట్టుకో" అంది.

పట్టుకుంటానన్నాను. అంతకు ముందు ఆ మాట ఎవరికీ ఇవ్వలేదు.

మఖ కార్తె, శనివారం

కరెంటు ఆఫీసులో నా మొహం చూస్తే ప్యూను ముందే బెంచీ చూపిస్తున్నాడు. నేను ఏ హోదాలో మాట్లాడుతున్నానని ఆఫీసరు అడిగాడు. నిధి లేదు, పథకం లేదు, కాబట్టి నేను లేనట్టే లెక్క. సంఘం తరఫున అన్నాను. సంఘం ఏ లంకదని అడిగాడు. మొగలిలంక అన్నాను. ఖాళీ లంకకి సంఘం ఎలా ఉంటుందన్నాడు.

నా దగ్గర దానికి జవాబు లేదని కాదు. ఉంది. శిబిరంలో వాళ్ళు ప్రతి వారం కూర్చుంటున్నారు, చేతులెత్తుతున్నారు, శిబిరం మరుగుదొడ్ల గురించి గొడవపడి గెలిచారు కూడా. ఇదంతా చెప్పాను. ఆయన విని, "మంచిదమ్మా" అని, పంపు ఆపమన్న కాగితం మీద సంతకం పెట్టాడు. నా ఎదురుగానే పెట్టాడు. ఆ కలం లాక్కుని విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

శిబిరానికి వెళ్ళి పిన్నికి నేనే చెప్పాను. ఆవిడ పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

హస్త కార్తె, బుధవారం

మధ్యాహ్నం ఏడుకొండలు పడవ గట్టుకి వచ్చింది. రత్నమాణిక్యం దిగింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన స్టీలు డబ్బా రెండు చేతులతో పట్టుకుని శిబిరంలోకి నడిచింది. మూత తీస్తే లోపల తెల్లగా, మందంగా, నిగనిగలాడుతూ తోడు.

అనుకున్నదానికన్నా ముందే కట్టిందట. జమ్ములంక తొట్టిలో వేసుకోకుండా మొదటిది తెచ్చింది. వాళ్ళ తొట్టి కూడా ఉప్పెక్కింది, పిల్లలకి అక్కడా నలతగా ఉంది. అయినా ఇచ్చిన మాట ప్రకారం ముందు ఇక్కడికే తెచ్చింది. బానలో మిగిలింది మళ్ళీ ఎదగడానికి టైము పడుతుంది.

"వదినా, మీ తోడు" అంది.

పిన్ని చేతులు తుడుచుకుని అందుకుంది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఒకళ్ళిద్దరు వేలితో తాకి కళ్ళకద్దుకున్నారు. ఎవరూ పసుపు మాట ఎత్తలేదు.

"మా లంకలో ఎంత వచ్చింది నీళ్ళు?" అని పిన్ని ఏడుకొండల్ని అడిగింది.

ఏడుకొండలు నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు తలాడించాను.

"మీ పంచ చూరు తగులుతుందండీ పడవకి."

పిన్ని డబ్బా మూత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. తొట్టి లేదు, బాన లేదు, వాటిని పెట్టడానికి లంక లేదు. శిబిరంలో సొంత తొట్లు కట్టనివ్వరు, ట్యాంకరు నీళ్ళే తాగాలి. తోడు రేపటికి చచ్చిపోతుంది. జమ్ములంకకి తిరిగి వెళ్తే ఇవాళే తొట్టిలో పడుతుంది, పిల్లలు రేపు మంచి నీళ్ళు తాగుతారు. ఇదంతా అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. రత్నమాణిక్యానికి తెలుసు, అడగదు. అడిగితే ఇచ్చిన మాట తప్పినట్టు. పిన్నికి తెలుసు, ఇవ్వలేదు. ఇస్తే మొగలిలంక లేదని తన నోటితో ఒప్పుకున్నట్టు.

ఏడుకొండలు గట్టు దగ్గర పడవ తాడు విప్పుతూ కడుతూ కాలయాపన చేస్తున్నాడు.

ఆ మాట అనాల్సింది నేనే. ఇన్నేళ్ళూ సంఘాలని నిలబెట్టడానికి జీతం తీసుకున్నాను. చివరికి నేను చెయ్యగలిగిన పని ఒక సంఘాన్ని వదులుకోమనడం. నిధిని తిట్టుకున్నాను, ప్రాధాన్యాలు మార్చినవాళ్ళని తిట్టుకున్నాను. ఎంత తిట్టుకున్నా ఆ మాట నా వంతుకే వచ్చింది.

పిన్ని ఎదురుగా కూర్చున్నాను.

"పిన్నీ, అది జమ్ములంకకి ఇచ్చెయ్యాలి."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా ఒక్కదాని సొమ్ము కాదమ్మా ఇవ్వడానికి. సంఘానిది. పద్ధతి ప్రకారం అడుగు" అంది.

లేచి నిలబడ్డాను. అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాను. మొగలిలంక సంఘం తన వాటా తోడుని జమ్ములంక సంఘానికి ఇచ్చెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.

ఒక్కొక్కటే లేచాయి. మిగతా అందరివీ లేచాయి. నాంచారమ్మ పిన్ని రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. ఒక చెయ్యి తీసి ఎత్తాలంటే రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. పట్టుకుని, ఆవిడ కూడా చెయ్యెత్తింది.